విలియం మిల్లరు: ప్రభువు రాకడ కొరకు కనిపెట్టిన రైతు

ధ్యాన భాగములు: మత్తయి 24:36–51, అపొస్తలుల కార్యములు 1:6–8, 2 పేతురు 3:8–14



ప్రభువైన యేసు మరల వచ్చునని మనము నమ్ముచున్నాము. ప్రభువు బల్లయొద్దకు చేరినప్పుడెల్ల ఆ నిరీక్షణను జ్ఞాపకము చేసికొనుచున్నాము. అయినను ఎవరైన ఒకరు లేచి, ఫలాని సంవత్సరములో ఫలాని దినమున లోకము అంతమగునని చెప్పినయెడల, మనలో కొందరు భయపడి వణకుదురు, మరికొందరు నవ్వి పోవుదురు. భయపడినవారు ఆ దినము గడచిన తరువాత భయమును మరచెదరు. నవ్వినవారు ఆ దినముతోపాటు ప్రభువు రాకడను కూడ త్రోసివేయుదురు. ఈ రెండు మార్గములలో ఏదియు మారుమనస్సు కాదు.

ఈ సంగతిని మనకు తేటగా నేర్పు జీవితము ఒకటి కలదు. అది అమెరికా దేశపు రైతు విలియం మిల్లరు జీవితము. ఆయన ప్రభువును ప్రేమించెను, వాక్యమును శ్రద్ధతో చదివెను, వేలమందిని మారుమనస్సునకు పిలిచెను. అయితే ఆయన లెక్కించిన దినము తప్పిపోయెను. తరువాత ఆయన ఏమి చేసెను, ఆయనను నమ్మినవారు ఏమైరి, మనమేమి నేర్చుకొనవలెను అనునది ఈ నెల మన ధ్యానము.

బాల్యము, అవిశ్వాసము

విలియం మిల్లరు 1782 ఫిబ్రవరి 15వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రములోని పిట్స్‌ఫీల్డు అను ఊరిలో జన్మించెను. తండ్రి అమెరికా స్వాతంత్ర్య యుద్ధములో పనిచేసిన సైనికుడు. తల్లి పౌలీనా బాప్టిస్టు బోధకుని కుమార్తె, దైవభక్తిగల స్త్రీ. పదునారుగురు బిడ్డలలో ఇతడే పెద్దవాడు. 1786లో ఆ కుటుంబము న్యూయార్కు రాష్ట్రములోని లో హాంప్టను అను గ్రామమునకు వెళ్లి, అక్కడ అడవి నరికి సేద్యము చేయసాగెను. పగలంతయు పొలము పని. చదువు కొద్ది. అయితే బాలునికి పుస్తకములపై ఆశ మెండు. ఇంటివారందరు నిద్రించిన తరువాత అతడు మెల్లగా లేచి, పొయ్యిలో దేవదారు ముక్కలు వెలిగించి ఆ వెలుగులో చదువుకొనెడివాడు.

1803లో లూసీ స్మిత్తు అను కన్యను వివాహము చేసికొని వెర్మాంటు రాష్ట్రములోని పూల్ట్నీ గ్రామమున కాపురముండెను. అక్కడ మంచి గ్రంథాలయము ఉండెను, చదువుకొన్న స్నేహితులు దొరికిరి. ఆ స్నేహితులు నాస్తికులు కారు గాని బైబిలును నమ్మినవారు కారు. గడియారము చేయువాడు కీ యిచ్చి దానిని విడిచిపెట్టినట్లు, దేవుడు లోకమును సృజించి విడిచిపెట్టెననియు, ఆయన మనుష్యుల సంగతులు పట్టించుకొనడనియు వారి తలంపు. వోల్టేరు, హ్యూము, థామస్ పేను మొదలగువారి గ్రంథములు చదివి మిల్లరు కూడ ఆ తలంపునకు లోబడెను. దానితో ఆగలేదు. బోధకులైన తన తాతగారిని, పినతండ్రిని అనుకరించి, వారివలె ప్రార్థించినట్లును ప్రసంగించినట్లును నటించి స్నేహితులను నవ్వించెడివాడు. కుమారుని అపహాస్యము విని తల్లి బహుగా దుఃఖపడెను, తన తండ్రియొద్ద తన భారమును చెప్పుకొనెను. ఆ వృద్ధుడు ఆమెను ఓదార్చెను. వారి ప్రార్థనలు వ్యర్థము కాలేదని మనము ముందు చూతుము.

లోకరీతిగా చూచిన మిల్లరుకు కొదువ లేదు. డిప్యూటీ షెరీఫుగాను, మేజిస్ట్రేటుగాను పనిచేసెను. అందరి గౌరవము పొందెను. అయితే మరణమును గూర్చి తలంచినప్పుడు ఆయన మతము ఆయనకు ఏ జవాబును ఇయ్యలేకపోయెను. మరణము తరువాత ఏమియు లేనియెడల నీతికి అర్థమేమి? ఉన్నయెడల తన గతి యేమి? ఈ ప్రశ్న ఆయనను విడువలేదు.

యుద్ధము, రక్షణ

1812లో అమెరికాకును బ్రిటనుకును యుద్ధము పుట్టెను. మిల్లరు సైన్యములో చేరి కాప్టెను ఆయెను. 1814 సెప్టెంబరు 11న ప్లాట్స్‌బర్గు అను చోట గొప్ప పోరు జరిగెను. బ్రిటిషు సేన సంఖ్యలో ఎంతో అధికము, అనుభవములో కూడ అధికము. ఆ పోరులో ఒక ఫిరంగిగుండు మిల్లరునకు రెండడుగుల దూరములో పడి ప్రేలెను. ప్రక్కనున్నవారిలో ఒకడు చనిపోయెను, ముగ్గురు గాయపడిరి. మిల్లరునకు ఒక గీతయైనను పడలేదు. సాయంకాలమునకు అమెరికా పక్షమే జయించెను. లోకమును విడిచిపెట్టిన దేవుడే అయినయెడల ఈ కాపుదల ఎక్కడనుండి వచ్చినది అని ఆయన తనలో తాను తర్కించుకొనెను.

యుద్ధము ముగిసిన తరువాత ఆయన లో హాంప్టనుకు తిరిగివచ్చెను. అప్పటికి తండ్రి మరణించెను. తల్లి యుండు ఇంటిపైనున్న బాకీని తీర్చి, ప్రక్కనే ఇల్లు కట్టుకొని సేద్యము చేసికొనుచుండెను. ఆ గ్రామపు బాప్టిస్టు సంఘమునకు ఆయన పినతండ్రి కాపరి. కాపరి ఊరిలో లేని ఆదివారములలో సంఘపెద్దలు అచ్చుపడిన ప్రసంగమును చదివి వినిపించుట వాడుక. అట్టి దినములలో మిల్లరు గుడికి వచ్చెడివాడు కాడు. తల్లి అడుగగా, పెద్దలు సరిగా చదువరని ఆయన సాకు చెప్పెను. అయితే నీవే చదువుమని ఆ పని ఆయనకే అప్పగించిరి. నమ్మకము లేనివాడు గుడిలో ప్రసంగము చదువుట వింతయే. గాని ప్రభువు దానినే సాధనముగా వాడుకొనెను.

1816 సెప్టెంబరులో ఒక ఆదివారమున తల్లిదండ్రుల బాధ్యతను గూర్చిన ప్రసంగమును చదువుచుండగా ఆయన గొంతు పూడుకొనిపోయెను. చదువ శక్తి లేక కూర్చుండెను. తన పాపము ఆయనకు కనబడెను. పాపి స్థానమున నిలిచి శిక్ష భరించిన రక్షకుడొకడు లేనియెడల తనకు నిరీక్షణ లేదని గ్రహించెను. ఆ రక్షకుని బైబిలులో కనుగొనెను. నిన్నటివరకు బోధకులను వెక్కిరించినవాడు కుటుంబ ప్రార్థన ఆరంభించెను, సంఘములో చేరెను.

వాక్య పరిశోధన

పాత స్నేహితులు ఊరుకొనలేదు. బైబిలు వైరుధ్యములతో నిండియున్నదని ఒకప్పుడు తానే వాదించినవాడు ఇప్పుడు దానిని ఎట్లు నమ్మునని అడిగిరి. వారికి జవాబు చెప్పుటకు మిల్లరు ఒక నిర్ణయము చేసికొనెను. వ్యాఖ్యానములన్నిటిని ప్రక్కన పెట్టి, బైబిలును, క్రూడెను కూర్చిన పదసూచికను మాత్రము ఎదుట ఉంచుకొని, ఆదికాండము మొదలుకొని ఒక్కొక్క వచనము పరిశోధించెను. అర్థము కాని వచనము వచ్చినప్పుడు, అదే మాట మరి ఎక్కడ వచ్చినదో వెదకి పోల్చి చూచెడివాడు. ఒక్కొక్కసారి రాత్రియంతయు ఇట్లే గడచెడిది. రెండు సంవత్సరములు ఇట్లు చదివెను.

ఈ పరిశోధనలో దానియేలు 8:14 ఆయన దృష్టిని ఆకర్షించెను. అక్కడ 2,300 దినముల తరువాత పరిశుద్ధ స్థలము పవిత్రపరచబడునని యున్నది. సంఖ్యాకాండము 14:34, యెహెజ్కేలు 4:6 ఆధారముగా ప్రవచనములో దినమనగా సంవత్సరమని ఆయన తీసికొనెను. యెరూషలేమును తిరిగి కట్టుటకు అర్తహషస్త రాజు ఆజ్ఞ క్రీస్తు పూర్వము 457లో వెలువడెనని లెక్కించి, అక్కడనుండి 2,300 సంవత్సరములు గడచిన 1843 ప్రాంతమునకు వచ్చునని కనుగొనెను. పరిశుద్ధ స్థలమనగా ఈ భూమియనియు, దాని పవిత్రత అనగా ప్రభువు రాకడలో అగ్నిచేత కలుగునదనియు తలంచెను. ఇట్లు 1818లో, ఇంక ఇరువదియైదు సంవత్సరములలో ప్రభువు వచ్చునను తీర్మానమునకు చేరెను.

ఇక్కడ మనము ఆయనకు న్యాయము చేయవలెను. ఆయన వెంటనే బజారులో చాటలేదు. తన లెక్క తప్పేమోయని మరి కొన్ని సంవత్సరములు పరీక్షించెను. పొరుగువారితో మాటలలో చెప్పెను గాని వేదిక ఎక్కుటకు ఒప్పుకొనలేదు. తాను చదువుకొన్న బోధకుడు కాడు, మాటకారి కాడు, రైతు మాత్రమే. అయితే ఎరిగిన సంగతి చెప్పనియెడల నశించువారి రక్తమునకు తాను ఉత్తరవాది యగునేమోయను భారము ఆయనను వెంబడించుచుండెను.

1831 ఆగస్టులో ఒక శనివారమున ఆ భారము మరి ఎక్కువాయెను. ఎవరైన పిలిచినయెడల వెళ్లి చెప్పెదనని ఆయన ప్రభువునకు మాట యిచ్చెను. ఎవరు పిలుతురులే అని ఆయన ధైర్యము! అర్ధగంట గడువకమునుపే అక్కచెల్లెండ్ర కుమారుడొకడు డ్రెస్డెను అను ఊరినుండి వచ్చి, రేపు ఆరాధనకు బోధకుడు లేడు, మీరు వచ్చి మాటలాడవలెనని అడిగెను. మిల్లరు జవాబు చెప్పక తన యింటి ప్రక్కనున్న చెట్లతోపులోనికి వెళ్లి, ప్రార్థనలో చాలసేపు పెనుగులాడెను. చివరకు లోబడి బయలుదేరెను. ఆ ఊరిలో అనేకులు మారుమనస్సు పొందిరి. అప్పటికి ఆయన వయస్సు నలువదితొమ్మిది.

సువార్త పయనము

అప్పటినుండి పిలుపులు ఆగలేదు. 1833లో బాప్టిస్టువారు ఆయనకు ప్రసంగించు అనుమతి పత్రము నిచ్చిరి. బాప్టిస్టు, మెథడిస్టు, కాంగ్రిగేషనలు అను భేదము లేక సంఘములు ఆయనను పిలిచెను. చాల సంవత్సరములు ప్రయాణ ఖర్చులు తానే భరించెను. 1836 వరకు ఆయనకు ముట్టిన కానుక కెనడాలో ఒక స్త్రీ ఇచ్చిన రెండు అర డాలరు నాణెములు మాత్రమే. తనకొక క్రొత్త సంఘము స్థాపించుకొనవలెనని ఆయన కోరలేదు. ఆయన ప్రసంగములలో లెక్కలు ఉండెను గాని, ప్రతి ప్రసంగము చివర పాపిని క్రీస్తునొద్దకు పిలుచుటయే ఆయన కోరిక. ఆయన వెళ్లిన ఊళ్లలో త్రాగుబోతులు మారిరనియు, దేవుని నమ్మనివారు ప్రార్థించిరనియు స్థానిక కాపరులు సాక్ష్యమిచ్చిరి.

1839లో బోస్టను పట్టణపు కాపరి యెహోషువ హైమ్సు ఆయనను కలిసికొనెను. ఆ కాపరి ముద్రణ పనిలో సమర్థుడు. 1840లో పత్రిక ఆరంభమాయెను. దానియేలు దర్శనముల పటములు అచ్చాయెను. 1842లో వేలమంది కూర్చుండదగిన గొప్ప గుడారము కుట్టించిరి. పల్లెటూరి రైతు పేరు దేశమంతయు మారుమ్రోగెను. ఆయన బోధను నమ్మినవారు యాభై వేలకును లక్షకును మధ్య యుందురని చరిత్రకారుల అంచనా. ఎగతాళి కూడ అంతే పెరిగెను. పత్రికలు బొమ్మలు వేసి పరిహసించెను. కొన్నిచోట్ల అల్లరిమూకలు కూటములను చెదరగొట్టిరి.

సంవత్సరము నిర్దిష్టముగా చెప్పుమని అందరు ఒత్తిడి చేయగా, 1843 మార్చి 21 మొదలు 1844 మార్చి 21 లోపల ప్రభువు వచ్చునని ఆయన ప్రకటించెను. 1843లో ఆయన వ్రణములతో బాధపడి చాలకాలము మంచము పట్టెను. సంవత్సరము గడచెను. ప్రభువు రాలేదు. మిల్లరు తన పొరపాటును దాచక, లెక్క తప్పినదని బహిరంగముగా ఒప్పుకొనెను.

1844 అక్టోబరు 22

ఇంతటితో నిలిచిపోయిన బాగుండెడిది. అయితే ఆ వేసవిలో శామ్యూలు స్నో అను మరియొక బోధకుడు, లేవీయకాండము 16లోని ప్రాయశ్చిత్త దినము ఆధారముగా, యూదుల యేడవ నెల పదియవ దినమున, అనగా అక్టోబరు 22న ప్రభువు వచ్చునని చెప్పెను. ఎండుగడ్డికి నిప్పంటినట్లు ఆ మాట వ్యాపించెను. మిల్లరు చాలదినములు దానిని ఒప్పుకొనలేదు. ఒక దినమును నిర్ణయించుటకు ఆయనకు మనస్సు రాలేదు. గాని ప్రజలలో కనబడిన ప్రార్థనను, పాపపు ఒప్పుకోలును చూచి, అక్టోబరు మొదటి దినములలో ఆయనయు అంగీకరించెను.

ఆ దినములలో కొందరు అంగళ్లు మూసిరి. కొందరు పొలములో బంగాళాదుంపలు త్రవ్వక విడిచిపెట్టిరి. అప్పులు తీర్చినవారును, దొంగిలించినది తిరిగి ఇచ్చినవారును, పగను విడిచి సమాధానపడినవారును ఉండిరి. వారు తెల్లని అంగీలు ధరించి కొండలెక్కిరను కథ తరువాత చాల వ్యాపించెను గాని, దానికి నమ్మదగిన ఋజువు దొరకలేదు. వారు గుడులలోను ఇండ్లలోను చేరి ప్రార్థనలో కనిపెట్టిరి. మిల్లరు లో హాంప్టనులో తన యింట కనిపెట్టెను.

సూర్యుడు అస్తమించెను. అర్ధరాత్రి గడచెను. తెల్లవారెను. వారు పిల్లలవలె ఏడ్చిరి. మరుసటి దినము వీధిలో కనబడినవారిని పొరుగువారు ఇంకను పైకి పోలేదా అని ఎగతాళి చేసిరి. పంటలు పోగొట్టుకొన్నవారి కష్టము గొప్పది. అవసరములో నున్నవారికి సహాయము చేయవలెనని హైమ్సు తమ పత్రికలో మనవి చేసెను. చరిత్రలో ఆ దినమునకు మహా ఆశాభంగమని పేరు నిలిచెను.

తరువాతి దినములు

నమ్మినవారు మూడు విధములుగా చీలిరి. కొందరు విశ్వాసమునే విడిచిరి. దినముతో కట్టుకొన్న వారి భక్తి దినముతోనే పోయెను. కొందరు మరల మరల క్రొత్త తేదీలు వెదకిరి. మరికొందరు వాక్యమును తిరిగి చదువుచు ప్రభువును వెంబడించిరి. వారిలోనుండియే అడ్వెంటు క్రైస్తవ సంఘమును, 1863లో ఏర్పడిన సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘమును వచ్చెను. నూజివీడులోని గిఫర్డు ఆసుపత్రి ద్వారా ఈ రెండవ సంఘము పేరు మన తెలుగువారు ఎరిగినదే. అయితే మిల్లరు విశ్రాంతిదినమును గూర్చిన వారి బోధను అంగీకరించలేదు.

మిల్లరు స్వంత సంఘమువారు 1845 జనవరిలో ఆయనను వెలివేసిరి. తాను రక్షణ పొందిన గుడి, తాను ప్రసంగము చదువుచు కూలబడిన గుడి ఆయనకు మూయబడెను. ఆ సంవత్సరమే ఆయన తన జీవిత వృత్తాంతమును వ్రాసి ప్రచురించి, తన నిరీక్షణ నెరవేరలేదని లోకమెదుట ఒప్పుకొనెను. అయితే ప్రభువు వచ్చునను విశ్వాసమును ఆయన వదలలేదు. ఆశాభంగము జరిగిన మూడు వారములలోపలనే ఒక స్నేహితునికి వ్రాసిన ఉత్తరములో, ఇకమీదట తన మనస్సు నిలుపుకొనిన కాలము నేటి దినమే యనియు, ప్రభువు వచ్చువరకు ప్రతి దినము అట్లే కనిపెట్టెదననియు తెలిపెను. ఏండ్ల తరబడి లెక్కించిన మనుష్యుడు చివరకు చేరిన లెక్క ఇది.

1848లో తన యింటి ప్రక్కన చిన్న గుడి కట్టించెను. ఆ కాలమునకే ఆయన చూపు మందగించెను. పొయ్యి వెలుగులో చదివిన కన్నులకు బైబిలు అక్షరములు కనబడకపోయెను. 1849 డిసెంబరు 20న, అరువదియేడవ యేట, హైమ్సు మొదలైన ప్రియులు దగ్గర నుండగా ఆయన నిద్రించెను. ఆయన ఎదురుచూచిన ప్రభువునొద్దకు ఆయనే వెళ్లెను.

మనకు పాఠములు

మొదటిది, ఆ దినమును ఆ గడియను తండ్రి తన చేతిలో ఉంచుకొనెను. మత్తయి 24:36లో ప్రభువు దీనిని తేటపరచెను. శిష్యులు కాలములను గూర్చి అడిగినప్పుడు ఆయన వారికి తేదీ నియ్యలేదు, సాక్ష్యమిచ్చు పని యిచ్చెను. మిల్లరు యథార్థవంతుడు, కష్టించి చదివినవాడు. అట్టివాడే తప్పిపోగా, మనలో ఎవడు లెక్క వేయగలడు? 1962లో అష్టగ్రహ కూటమి వచ్చినదని మన దేశమున ఎందరో భయపడిరని పెద్దలు చెప్పుదురు. 2012 డిసెంబరులో లోకము అంతమగునని మరల వదంతి లేచెను. ఇట్టివి ఇంకను వచ్చును. సంఘమా, చలించకుము.

రెండవది, తేదీకి భయపడి చేసిన మారుమనస్సు తేదీతోనే పోవును. పూర్వము జమాబందీకి అధికారి వచ్చునని కబురు రాగానే కరణము రాత్రికి రాత్రి లెక్కలు సరిచేసికొనెడివాడు. అధికారి రాక ఆగిపోయెనని వినిన మరునాడు కట్టలు మరల అటకెక్కెడివి. అట్టి సరిదిద్దుట మారుమనస్సు కాదు. పాపమును పాపమని ద్వేషించి, పాపికొరకు చనిపోయిన ప్రభువు తట్టు తిరుగుటయే మారుమనస్సు. అక్టోబరు 22కు ముందు అప్పు తీర్చి పగ విడిచినవారు మంచి పనియే చేసిరి. ఆ పని ప్రభువు కొరకు చేసినవారు అక్టోబరు 23న దానికి చింతింపవలసిన పనిలేదు.

మూడవది, తేదీ తప్పినంతమాత్రమున వాగ్దానము తప్పలేదు. ప్రభువు ఆలస్యము చేయుట మరచిపోవుట కాదనియు, ఎవరును నశింపక మారుమనస్సు పొందవలెనని ఆయన ఓర్చుకొనుచున్నాడనియు పేతురు తన రెండవ పత్రిక మూడవ అధ్యాయములో బోధించుచున్నాడు. రైతునకు వాన పడు దినము తెలియదు. తెలియదు గనుకనే తొలకరికి ముందే నాగలి సరిచేసికొని, విత్తనము సిద్ధపరచుకొనును. వాన ఆలస్యమైనదని పొలమును అమ్ముకొనడు. యాకోబు కూడ తన పత్రిక 5వ అధ్యాయములో ప్రభువు రాకడ కొరకు కనిపెట్టువానిని రైతుతోనే పోల్చెను.

ప్రియులారా, ప్రభువు ఎప్పుడు వచ్చునో మనకు తెలియదు. మనము ఆయనయొద్దకు ఎప్పుడు పోవుదుమో అదియు తెలియదు. మిల్లరు కాలములో ప్రభువు రాకడ కొరకు కనిపెట్టినవారందరిని మరణమే ముందు పిలిచెను. గనుక తెలియని దినమును గూర్చి తర్కింపక, తెలిసిన దినమున, అనగా నేడే, చేయవలసినది చేయుదము. పొరుగువానితో మాటలాడక ఏండ్లు గడిపినవారు నేటి సాయంకాలమే వాని గుమ్మమునకు వెళ్లవలెను. కూలి బిగబట్టినవారు రేపు తెల్లవారకముందే చెల్లింపవలెను. రహస్య పాపములో నున్నవారు ఈ రాత్రి మోకాళ్లూని ప్రభువునొద్ద ఒప్పుకొనవలెను. ఆయన సిలువ రక్తము చాలును.

ప్రార్థన: ప్రభువా, నీ రాకడ దినమును మాకు మరుగు చేసినందుకు స్తోత్రము. నేటి దినమును మాకిచ్చినందుకు స్తోత్రము. ఈ దినమే మా హృదయములను నీ తట్టు త్రిప్పుము. నీవు వచ్చినప్పుడు మేము సిగ్గుపడక నీ యెదుట నిలుచునట్లు మమ్మును సిద్ధపరచుము. ఆమేన్.